మూడు కంతల పాంకోళ్ళు

చేత్లా, కలకత్తా
19 జూలై 2024

జ్యోతీ,

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావు కదూ. ఫోన్ మోగితే చాలు, మా ఆయన "స్పీకర్ పెట్టవే, నేనూ వింటాను" అంటారు. ముప్పయ్యేళ్ళు బ్యాంకులో ఊరందరి కాగితాలూ చదివిన అలవాటు. ఉత్తరాలంటే మాత్రం ముసలాళ్ళ చాదస్తమని వదిలేస్తారు. అందుకని రాస్తున్నాను.

మా ఇంట్లో ఒక జత పాదుకలు వెలిశాయి. వానలు మొదలైన రోజు ఒక స్వామీజీ వచ్చి, వానలు వెళ్ళాక తీసుకుంటానని నా చేతికిచ్చి వెళ్ళారు. మందమైన చెక్క, కింద అడ్డంగా రెండు ఎత్తు పలకలు, పైన మూడు కంతలు. మూడు కంతలూ త్రిమూర్తులని, రెండు పలకలూ జీవాత్మ పరమాత్మలని మా ఆయన ఆ రోజే తేల్చేశారు. మన పాంకోళ్ళకుండే బుడిపె లేదేమిటని నేనంటే, వెండిది చేయించి ముందు కంతలో బిగించారు.

అప్పటినుంచి రోజూ వాటికి పాలు, పెరుగు, తేనె, నెయ్యితో అభిషేకం. ఆ చెక్క పాలు పీల్చుకుని పులిసిపోయింది. పూజగది తలుపు తీస్తే కంపు. అగరువత్తులు వెలిగిస్తే కంపుకి ఇంకో కంపు తోడవుతుంది. గురువారం గురువారం తెలుగు సంఘం ప్రెసిడెంటు అనంతకృష్ణగారు, మేడమీది బెంగాలీ ఆడవాళ్ళు, ఇంకా ఎవరెవరో వచ్చి ఆ తీర్థం పుచ్చుకుంటున్నారు. నిన్న అనంతకృష్ణగారి అరచేతిలో తీర్థంతోపాటు ఒక ఈగ పడింది. ఆయన దాన్ని గోటితో పక్కకి తీసి, మిగిలింది జుర్రుకుని, తడిచెయ్యి తలకు రాసుకున్నారు. నేను వంటింట్లోకి పారిపోయాను.

నేను తాగినా ఫరవాలేదు. మా కోడలు చిన్మయికి అయిదో నెల. పోయినేడాది కడుపు పోయింది కదా, అందుకని దానికి రోజూ మూడు చెంచాలు. ఆయన ఎదురుగా నిలబడి "గుటక పడిందా?" అని అడుగుతారు. అది "అత్తమ్మా, నాతోని అయితలేదు, గొంతులనే ఆగుతుంది" అని నాతో ఏడుస్తుంది. మా సాకేత్ సెక్టర్ ఫైవ్ ఆఫీసు బస్సు అందుకునే తొందరలో "నాన్న తృప్తి కోసం మూడు చెంచాలే కదా" అని వెళ్ళిపోతాడు.

చెక్క మీది నల్లరంగు పాలలోకి దిగుతోంది. నువ్వు రంగులూ చెక్కలూ తెలిసినదానివి. వాటిని కాగితం మీద పెట్టి ఆకారం పెన్సిలుతో గీశాను, అరిగినచోట నీడ వేశాను. చూసి, ఈ రంగు మంచిదో కాదో చెప్పు. దీన్ని ఎలాగైనా ఆపాలి.

మంగ

---

పెదవాల్తేరు, విశాఖపట్నం
29 జూలై 2024

మంగా,

నీ ఉత్తరం చదివి మధ్యాహ్నం అన్నం మానేశాను. ఆ ఈగ నా పళ్ళెంలోనే ఉన్నట్టనిపించింది.

ముందు రంగు సంగతి. ఏ రంగైనా సరే, పాలలోకి దిగుతోందంటే కడుపుతో ఉన్న పిల్లకు పొయ్యకూడదు. దీనికి నన్నడగాలా?

ఇక నీ పాదుకలు. అవి పాదుకలు కావు. జపాన్ వాళ్ళ చెప్పులు. గెతా అంటారు. కింద ఉన్నవి జీవాత్మా కాదు, పరమాత్మా కాదు, బురద అంటకుండా కాలిని పైకెత్తే పలకలు. వాళ్ళు వాటిని పళ్ళంటారు. ఆ మూడు కంతల్లోంచి గుడ్డపట్టీ దూర్చి, బొటనవేలి సందున పట్టుకుని నడుస్తారు. కుడి ఎడమ తేడా ఉండదు, ఏది ఏ కాలికైనా వేసుకోవచ్చు. ముప్పయ్యేళ్ళు పిల్లలకు బొమ్మలు నేర్పాను, జపాన్ అచ్చుబొమ్మల పుస్తకం ఇప్పటికీ నా మంచం పక్కనే ఉంది. గొడుగు కింద, వానలో, బట్ట పైకెత్తి పట్టుకుని నడిచే ఆడవాళ్ళ బొమ్మలు ఎన్నో. అందరి కాళ్ళకూ ఇవే. ఒక బొమ్మలో ఒకామె స్తంభం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి, పలకల మధ్య ఇరుక్కున్న మంచును దులుపుకుంటుంది. వేశ్యలు జానెడెత్తువి వేసుకుని, కాలితో నేల మీద అర్ధచంద్రాలు గీస్తూ ఊరేగేవారు. చేపల అంగట్లో వంటవాళ్ళు, కాళ్ళ కింద పారే నీచునీళ్ళు తగలకుండా ఎత్తువి వేసుకునేవాళ్ళు. ఈ చెప్పులు నడిస్తే చప్పుడవుతుంది. ఆ చప్పుడు మీద వాళ్ళకు పాటలున్నాయి, దెయ్యాల కథలున్నాయి. ఇంత అందమైన వస్తువును తీసుకొచ్చి మీ ఆయన పెరుగులో ముంచాడు.

ఇంకో మాట. ఆ దేశంలో వీటిని గుమ్మం బయట విడిచి ఇంట్లోకి వెళతారు. ఇంట్లోకి తేవడమే వాళ్ళకు రోత. వీటిని కడిగి ఆ నీళ్ళు తాగే మనుషులుంటారని చెబితే వాళ్ళు మన ముఖం చూస్తారా?

నువ్వు నీడ వేసిన గుర్తులు భూతద్దం పెట్టి చూశాను. చెక్క ఆడవాళ్ళ కొలత. కానీ నిలిచిన పాదం పెద్దది. మడమ వెనక అంచు దాటి బయటికి వెళ్ళింది. కుడికాలు బయటివైపు బాగా నొక్కుకుపోయింది, ఏళ్ళ తరబడి ఏదో బరువు అటుపక్కే మోసిన మనిషిలా ఉన్నాడు. స్వాములు అంత బరువులు మోస్తారా? ఆ స్వామీజీ ఎవరు? పేరేమిటి?

జ్యోతి

---

చేత్లా, కలకత్తా
12 ఆగస్టు 2024

జ్యోతీ,

జపాన్‌వని మా ఆయనతో మెల్లిగా అన్నాను. "బౌద్ధసిద్ధులవి అయ్యుంటాయి, ఇంకా మంచిది" అన్నారు. ఈ గురువారం నుంచి బుద్ధుడి పటం కూడా పెట్టారు. ఏం చెప్పినా ఆయనకు అది ఇంకో పూలదండే అవుతుంది.

చిన్మయి చెంచాలో కొబ్బరినీళ్ళు పోసి ఇచ్చాను రెండు రోజులు. మూడోరోజు వాసన చూసి పట్టుకున్నారు. ఇప్పుడు ఆయనే పోస్తున్నారు. అది తాగినవన్నీ కక్కేస్తోంది, చేతులమీద దద్దుర్లు లేచాయి. డాక్టరు ఏం తింటున్నావని అడిగితే, చెప్పొద్దని మా ఆయన కళ్ళతోనే సైగ చేశారట. దేవుడి సంగతులు డాక్టర్లకెందుకని ఇంటికొచ్చాక అన్నారు. చిన్మయికీ భయమే. మానేస్తే ఈసారి కూడా పోతుందేమోనని లోపల ఎక్కడో గుచ్చుకుంటోంది.

స్వామీజీ పేరు నాకు గుర్తులేదు. పొడుగ్గా ఉన్నారు. కాశీ నుంచో ఎక్కడినుంచో. వదిలెయ్యి.

మంగ

---

పెదవాల్తేరు, విశాఖపట్నం
22 ఆగస్టు 2024

మంగా,

స్కూల్లో నా పెన్సిళ్ళు పోతే "పొడుగ్గా ఉన్న పిల్ల ఎవరో తీసింది" అన్నావు. అవి నీ సంచిలోనే దొరికాయి. అరవై మూడేళ్ళొచ్చినా నీ అబద్ధాల్లో మనుషులు పొడుగ్గానే ఉన్నారు.

స్వామీజీ లేడు. ఎక్కడివి అవి? నిజం రాస్తేనే జవాబిస్తాను.

జ్యోతి

---

చేత్లా, కలకత్తా
4 సెప్టెంబరు 2024

జ్యోతీ,

స్వామీజీ లేడు. మల్లేశు ఇచ్చాడు.

మల్లేశు మా వీధి ఊడ్చే కార్పొరేషన్ మనిషి. మన శ్రీకాకుళం వైపువాళ్ళే, మూడు తరాలుగా ఇక్కడే. వాట్‌గంజ్‌లో క్వార్టర్లలో ఉంటారు. తెలుగు వినబడుతుందని నేను పొద్దున్నే గేటు దగ్గర నిలబడి అతనితో మాట్లాడతాను, ఆయన వాకింగ్‌కు వెళ్ళినప్పుడు. జూన్‌లో ఒక రోజు గోనెసంచిలో వీటిని తెచ్చాడు. "అమ్మగారూ, ఇయి మా తాతవండి. మా ఇల్లు కారిపోతంది. మా అమ్మ ఈటిని పానంలాగ సూసుకుంటాది. వానలెల్లీదాక మీ కాడ ఉంచండి, దుర్గాపూజలెల్లినాక అట్టుకెల్తాను" అన్నాడు.

అతని తాత పేరు బంగారయ్య. ఫ్లష్‌లు లేని రోజుల్లో కార్పొరేషన్‌లో పాయిఖానాలు ఎత్తేవాడు. ఆ పెంట బాల్టీ కుడిచేతిలో మోసేవాడట. నీ భూతద్దం నిజమే చూసింది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఒక జపాన్ కుటుంబం ఇంట్లో పని. శత్రుదేశం వాళ్ళని పోలీసులు పట్టుకుపోయేటప్పుడు ఆ ఇంటావిడ గుమ్మం బయట విడిచిన చెప్పులు ఇతనికిచ్చి, ఉత్తకాళ్ళతో బండెక్కిందట. అప్పటినుంచి అతను వాటితోనే పని చేశాడు. వానకు సందుల్లో ఆ మురుగంతా మోకాలిదాకా వచ్చేదట. మిగిలినవాళ్ళ కాళ్ళు పుళ్ళు పడితే అతనివి మాత్రం పడలేదట. చెక్క నానకుండా ఏటా తారు పూసేవాడు.

ఆ నల్లరంగు తారు, జ్యోతీ.

ఆ రోజు ఆయన ముందుగా ఇంటికొచ్చేశారు. వరండాలో పేపరు మీద చూసి "ఏమిటే ఇది?" అన్నారు. మల్లేశు పేరు చెబితే వీధిలోకి విసిరేసి, నన్ను తలస్నానం చెయ్యమంటారు. పరాయి వస్తువు, నమ్మి ఇచ్చినది. నోటికొచ్చింది, స్వామీజీ అన్నాను. వానలయ్యాక తీసుకుంటానన్నారని కూడా చెప్పాను. మనిషిని ఒక్కణ్ణే మార్చాను, మిగతాదంతా నిజమే చెప్పాను. నాలుగు రోజులు అటక మీద పడి ఉంటాయనుకున్నాను. ఆయన సాయంత్రానికే పాలు తెప్పించారు.

ఇప్పుడు నా మీద నాకే అసహ్యమేస్తోంది. పాయిఖానాలో నిలిచిన చెప్పులని తెలిసి నేనూ రోజూ తాగాను. మొదటిరోజు బాత్‌రూములోకెళ్ళి గొంతులో వేలు పెట్టుకున్నాను. తరవాత అలవాటైపోయింది. చిన్మయికి మాత్రం అలవాటు కావడంలేదు, దాని ఒళ్ళు నాకన్నా నిజాయితీగా ఉంది.

నిజం చెబితే నన్ను ఈ ఇంట్లో ఉండనిస్తారో లేదో తెలియదు.

మంగ

---

పెదవాల్తేరు, విశాఖపట్నం
14 సెప్టెంబరు 2024

మంగా,

తారు అని తెలిసి కూడా ఆ పిల్ల గుటక వేస్తుంటే చూస్తూ నిలబడ్డావు. మీ ఆయనకు తెలియదు, తెలివిలేదు. నీకు తెలుసు. నాకు ఎవరి మీద ఎక్కువ రోత పుట్టాలో నువ్వే చెప్పు.

ఒక సంగతి బాగా విను. నీకు బంగారయ్య పని తలుచుకుంటే రోత పుడుతోంది. నాకు పుట్టడంలేదు. ఆ చెప్పులు చేసినవాడు దేనికి చేశాడో బంగారయ్య దానికే వాడాడు. కాలి కిందిది కాలికి అంటకుండా ఉండటానికి. నా పుస్తకంలో బొమ్మల్లో ఆడవాళ్ళు వానబురద తప్పించుకుంటారు, ఇతను మన తాతల పెంట తప్పించుకున్నాడు. చెప్పులకు అందులో తప్పేముంది? అతని కాళ్ళ కింద ఉన్నన్నాళ్ళూ అవి శుభ్రంగానే ఉన్నాయి. తాగింది మనం.

ఉండనివ్వకపోతే నా ఇంటికి రా. రెండు గదులున్నాయి, ఒకటి నీది. ఈ మాట ఎప్పుడో రాయాల్సింది. మీ ఆయనతో చెప్పు. ఈ వారమే చెప్పు.

జ్యోతి

---

చేత్లా, కలకత్తా
7 అక్టోబరు 2024

జ్యోతీ,

చెప్పాను. రెండో తారీకున, మహాలయ అమావాస్య నాడు, తర్పణాలు ముగించి కుర్చీలో కూర్చున్నాక చెప్పాను. చిన్మయి నిద్రపోతోంది, సాకేత్ ఇంట్లో లేడు.

మొదట నవ్వారు. బంగారయ్య బాల్టీ సంగతి దగ్గరికొచ్చేసరికి ముఖం పాలిపోయింది. లేచి పరుగెత్తారు. బాత్‌రూములోంచి చాలాసేపు చప్పుళ్ళు. స్నానం చేశారు, జంధ్యం మార్చుకున్నారు, నాలుక మీద పసుపు రుద్దుకున్నారు, మళ్ళీ స్నానం చేశారు. నాకు జాలేసింది. తిట్టండి, కొట్టండి, నాదే తప్పని అన్నాను.

ఆయన తిట్టలేదు. తల తుడుచుకుంటూ అన్నారు, "ఈ మాట గుమ్మం దాటకూడదు. అనంతకృష్ణకు తెలిస్తే సంఘంలో నా ముఖం ఎక్కడ పెట్టుకోను? తెలియక పుచ్చుకున్నవాళ్ళకు దోషం అంటదే, శాస్త్రం ఉంది. తెలిసింది మనిద్దరికే. మనం మానేద్దాం. మిగతాది ఎప్పట్లాగే జరగనీ. దీపావళి వెళ్ళాక స్వామివారు వచ్చి పట్టుకెళ్ళారని చెబుదాం."

చిన్మయి మాటేమిటన్నాను. "హఠాత్తుగా మానిపిస్తే ఎందుకని అడగదూ? వాళ్ళమ్మకు చెప్పదూ?" అన్నారు.

మర్నాడు గురువారం. నేను కళ్ళారా చూశాను. అందరి చేతుల్లోనూ పోశారు. తన అరచేతిలో పోసుకున్నది కళ్ళకద్దుకుంటున్నట్టు వంగి, వెనక తువ్వాలులోకి ఒంపేశారు. ఆ తువ్వాలును రెండు వేళ్ళతో పట్టుకుని అవతలికి విసిరేశారు. అదే చెంచాతో చిన్మయి చేతిలో మూడుసార్లు పోసి, "గుటక పడిందా, తల్లీ?" అన్నారు. ఎంత ముద్దుగా అడిగారో చెప్పలేను.

నలభయ్యేళ్ళ కాపురంలో ఆయన మీద కోపం వచ్చింది, విసుగు వచ్చింది, చిరాకు రోజూ వచ్చింది. ఇలా ఒళ్ళు జలదరించి, పక్కన నిలబడలేకపోవడం ఇదే మొదటిసారి. మంచం మార్చేశాను.

మర్నాటినుంచి ఏదో వంక పెట్టి దాని చేతికి నా చెయ్యి తగిలించి ఒలకబోస్తున్నాను. చెయ్యి జారిందంటున్నాను. నిన్న మల్లేశు గేటు దగ్గర "పూజలెల్లినాక వస్తానండి, మా అమ్మ రోజూ అడుగుతాంది" అన్నాడు. తల ఊపాను.

మంగ

---

పెదవాల్తేరు, విశాఖపట్నం
15 అక్టోబరు 2024

మంగా,

ఛీ.

నీ చెయ్యి ఎన్నాళ్ళు జారుతుంది? ఒకరోజు నీకు జ్వరమొస్తే ఆ పిల్ల తాగుతుంది. నువ్వు అడగకపోయినా చెబుతున్నాను. ఆ ఇంట్లో నిజం నాలుగు గోడల మధ్య చెబితే పాచిపోతుంది. పదిమంది ఉన్నప్పుడు చెప్పు.

గది సర్ది ఉంచాను.

జ్యోతి

---

చేత్లా, కలకత్తా
25 అక్టోబరు 2024

జ్యోతీ,

నిన్న గురువారం.

పొద్దున ఆయన స్నానానికి వెళ్ళగానే పూజగదిలో కూర్చుని ఆ వెండి బుడిపె పీకేశాను. నీ ఉత్తరం పక్కన పెట్టుకుని, త్రిమూర్తుల కంతల్లోంచి నా లంగా బొందు దూర్చి కింద ముడులు వేశాను. చేతులకు పాలజిడ్డు, నెయ్యి, చచ్చిన చీమలు. పైన కనబడకుండా బంతిపూలు కుప్పపోశాను.

పదిమందీ వచ్చారు. మేడమీది బెంగాలీ ఆడవాళ్ళు శంఖం ఊదారు. ఆయన పూలమీదే పాలు పోసి, పళ్ళెంలోకి కారింది చెంచాతో తీసి, ముందుగా చిన్మయిని పిలిచారు. నేను వెళ్ళి పూలు తోసేసి, రెండు చెప్పులూ కింద పెట్టి, కాళ్ళు దూర్చాను.

అడుగు వేస్తే టక్కుమంది. పడతానేమోనని మెల్లిగా నడిచాను. అయిదడుగులు. నాకు పెద్దవి కావు, జ్యోతీ, సరిగ్గా సరిపోయాయి. ఆ జపాన్ ఇంటావిడది నా కొలతే.

"ఇవి స్వామివారివి కావు" అన్నాను. "జపాన్ వాళ్ళ చెప్పులు. తరవాత మన మల్లేశు తాత బంగారయ్య వీటితో పాయిఖానాలు ఎత్తాడు. నన్ను నమ్మి దాచమని ఇస్తే నేనే అబద్ధం చెప్పాను. నల్లగా దిగేది తారు. మా ఆయనకు ఇరవై రెండు రోజులనుంచి తెలుసు."

అనంతకృష్ణగారు సింక్ దగ్గరికి పరుగెత్తారు. ఆయన భార్య ఆయన వెనకాల. బెంగాలీ ఆవిడ ఒకావిడ "చరణామృతో" అని గొణిగి పైట నోట్లో కుక్కుకుంది. ఎవరో నన్ను పిచ్చిదన్నారు. మా ఆయన అదే మాట అందుకుని, "అవును, ఈ మధ్య దీని మతి బాగాలేదు" అన్నారు. అప్పుడు చిన్మయి ఆయన ముందుకొచ్చి నిలబడింది. "మామయ్యా, అద్దంలకెల్లి నేను చూసిన. మీరు తువ్వాలల ఒంపుకున్నరు. అప్పుడేందో అనుకున్న. మీకు తెల్సి గూడ నాకు పోసిండ్రా?"

చెంచా ఇంకా ఆయన చేతిలోనే ఉంది. సాకేత్ ఆ చెంచా తీసుకుని కిటికీలోంచి పారేశాడు. ఇన్నాళ్ళకు వాడు చేసిన పని అది.

రేపు చిన్మయిని డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళుతున్నాను. తారుతో సహా అన్నీ చెబుతాం. అది అయ్యాక, ప్రసవం దాకా వాళ్ళమ్మ దగ్గర ఉంటానంది. దాన్ని హైదరాబాదులో దింపి నీ దగ్గరికి వస్తాను. ఎన్నాళ్ళుంటానో అడగకు.

ఇక్కడితో ఆపుదామనుకున్నాను. కానీ ఇది నీకు చెప్పకపోతే నిద్రపట్టదు. నిన్న మధ్యాహ్నమే చిన్మయీ నేనూ టాక్సీలో వాట్‌గంజ్ వెళ్ళాం. చెప్పులు సంచిలో వేసుకోమంది చిన్మయి. నేను కాళ్ళకు వేసుకునే వెళ్ళాను, ఎందుకో విప్పబుద్ధి కాలేదు. మల్లేశు డ్యూటీలో ఉన్నాడు. వాళ్ళమ్మ ముసలమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఒకటే గది, గచ్చు అద్దంలా తుడిచి ఉంది.

నా కాళ్ళు చూసి చేట పక్కన పెట్టేసింది. విప్పి చేతికిస్తే వాసన చూసి ముఖం చిట్లించింది. "ఏటమ్మా ఇది? ఏటి రాసినారు దీనికి? కంపు!" అంది. అంతా చెప్పాను. బంగారయ్య కోడలు ఆవిడ. పాలు పోశామన్నాను, తాగామన్నాను, కడుపుతో ఉన్న పిల్లకూ పోశామన్నాను. ఆవిడ చిన్మయి వంక చూసింది, నా వంక చూసింది. "ఛీ ఛీ! సెప్పులు కడిగిన నీల్లు తాగినారా? సదువుకున్నోల్లు! మా మావ ఏనాడూ ఈటిని గడప దాటించనేదమ్మా. ఎంత పనికెల్లొచ్చినా కుళాయికాడే తోముకొని బయటే ఎట్టేవోడు" అంది.

సబ్బూ, పీచూ తెచ్చి కుళాయి కింద పెట్టి తోమింది. తెల్లగా, పచ్చగా, ముద్దలు ముద్దలుగా ఊడింది. ముక్కు పక్కకి తిప్పుకుని తోమింది. నా లంగా బొందు లాగి మురుక్కాలవలో పారేసింది. ఎండలో బోర్లించింది.

క్షమించమన్నాను. ఆవిడ చిన్మయిని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి మంచం మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. అది గటగటా తాగేసి ఇంకో గ్లాసు అడిగింది. నేనూ వెనకాలే గడప మీద కాలు పెట్టబోయాను.

"ఆగమ్మా" అంది ముసలమ్మ. "ఆ పాలకంపు కాల్లతోటి రాకండి. కుళాయి అదిగో."

కడుక్కున్నాను.

మంగ